39 దినములలో రెండు మోటారు పందెములు

1903వ సంవత్సరపు వేసవిలో ఐరోపాలో రెండు పెద్ద మోటారు పందెములు జరిగెను. మొదటిది మే 24వ తేదీన పారిస్ నగరము చెంతనుండి స్పెయిను రాజధానియగు మాడ్రిడ్‌కు బయలుదేరి, సగము దారియైనను గడవకమునుపే ప్రభుత్వపు ఉత్తరువుచే ఆగిపోయెను. రెండవది జులై 2వ తేదీన ఐర్లండు దేశమున అథై అను చిన్న పట్టణము చుట్టును జరిగి, అనుకొన్న రీతిగా ముగిసెను. రెండింటికి నడుమ ఎడము 39 దినములు మాత్రమే. కార్లు ఇంచుమించు ఒకే తరగతివి. సారథులలో పలువురు రెండింటను పాల్గొన్నవారే. అయినను మొదటి పందెమున కనీసము 8 మంది ప్రాణములు కోల్పోయిరి. రెండవదానిలో ఒక్క ప్రాణమైనను పోలేదు.

ఈ భేదము అదృష్టము వలన కలిగినదా, ఏర్పాటు వలన కలిగినదా? అదృష్టమునకు ఇందు కొంత పాలు లేకపోలేదు. కాని చాలవరకు ఏర్పాటే కారణమని మేము తలచుచున్నాము. మోటారు పందెము నేటి రూపమును దాల్చుటకు ఆ వేసవియే మలుపు. కావున ఆ రెండు పందెముల కథను, వానిని నడపిన సారథుల కథను ఇచట కొంత వివరముగా చెప్పెదము.

ఐర్లండులో జరిగిన పందెమునకు గార్డన్ బెన్నెట్ కప్పు పందెమని పేరు. జేమ్స్ గార్డన్ బెన్నెట్ అమెరికా దేశీయుడు. న్యూయార్క్ హెరాల్డ్ అను పత్రికకు యజమాని. ఆఫ్రికా అరణ్యములలో కనబడకుండపోయిన లివింగ్‌స్టన్‌ను వెదకి రమ్మని స్టాన్లీని పంపిన పత్రికాధిపతి ఈతడే. పారిస్‌లో స్థిరపడిన ఇతడు వివిధ దేశముల మోటారు క్లబ్బులు పోటీపడుటకై ఒక వెండి బహుమతిని ఏర్పరచెను. ఆ బహుమతికై తొలి పందెము 1900లో జరిగెను.

దాని నిబంధనలు విచిత్రములు. ఒక దేశము తరఫున 3 కార్లకు మించి పోటీ చేయరాదు. కారు బరువు 1,000 కిలోగ్రాములకు మించరాదు. సారథియు, అతని ప్రక్క మెకానిక్కును కారులో కూర్చుండి యుండవలెను. కారులోని ప్రతి భాగమును ఆ దేశమందే తయారు కావలెను. గెలిచిన దేశము మరుసటి సంవత్సరము పందెమును నడపవలెను. కారు ఏ దేశపుదో ఆ దేశమునందే పుట్టవలెనన్న నిర్బంధము కలదు గాని సారథికి అట్టి నిర్బంధము లేదు. కావుననే 1903లో జర్మనీ తరఫున ఇద్దరు బెల్జియనులు, ఒక అమెరికను కార్లు నడపిరి. ఇది మనుష్యుల నడుమ పోటీగా కనబడినను నిజమునకు దేశముల కర్మాగారముల నడుమ పోటీ. ఒక దేశపు ఉక్కు, రబ్బరు, పనితనము ఎంతవరకు నిలుచునో లోకమునకు చూపుటయే దాని ఉద్దేశము.

1900లోను 1901లోను ఫ్రాన్సు గెలిచెను. 1902లో పారిస్ నుండి ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ వరకు జరిగిన పందెమున బ్రిటనుకు చెందిన నేపియర్ కారును నడపి సెల్విన్ ఎడ్జ్ కప్పును గెలుచుకొనెను. కావున 1903 పందెము బ్రిటనులో జరుగవలసి వచ్చెను. చిక్కు అచటనే పుట్టినది. బ్రిటిషు చట్టము ప్రకారము ఆనాడు రోడ్డు మీద మోటారు కారు గంటకు 12 మైళ్లకు మించి పోరాదు. గంటకు 70 మైళ్లు పోగల కార్లను 12 మైళ్ల వేగమున నడుపుట పందెము కాదుగదా!

బ్రిటనులోని మోటారు క్లబ్బువారు ఐర్లండు వైపు చూచిరి. ఆనాడు ఐర్లండు బ్రిటిషు పార్లమెంటు పాలనలోనే యుండెను. అచట జనసమ్మర్దము తక్కువ; రోడ్లు వెడల్పుగా, తిన్నగా ఉండెను. క్లబ్బు కార్యదర్శి క్లాడ్ జాన్సన్ ఐరిషు ప్రముఖులకు, పార్లమెంటు సభ్యులకు లెక్కకు మిక్కిలిగా జాబులు వ్రాసి వారి సమ్మతిని సంపాదించెను. ఈతడే అనంతరకాలమున రోల్స్ రాయిస్ సంస్థను నడపినవాడు. ఆ సంవత్సరము మార్చి నెలలో పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టమును చేసి, నిర్ణీత దినమున నిర్ణీతమైన రోడ్లను సామాన్యుల రాకపోకలకు మూసివేయుటకు అధికారమొసగెను. పందెము కొరకు రోడ్డును మూయుట! చిన్న మాటయే. కాని కథ యంతయు ఈ మాటపైననే ఆధారపడియున్నది.

ఐర్లండులో ఈ సన్నాహములు సాగుచుండగా ఫ్రాన్సులో పారిస్–మాడ్రిడ్ పందెమునకు ముహూర్తము వచ్చెను. ఊరినుండి ఊరికి పరుగెత్తుట అంతవరకును మోటారు పందెముల వాడుక. 1895 నాటి పారిస్–బోర్డో పందెము మొదలుకొని ఎనిమిదేండ్లుగా అదియే పద్ధతి. ఆరంభదశలో కార్ల వేగము గుఱ్ఱపు బండి వేగమునకు రెండు మూడింతలే యుండెడిది. కావున ప్రమాదములు స్వల్పముగా నుండెడివి. ఎనిమిదేండ్లలో కార్ల వేగము నాలుగింతలు పెరిగెను. రోడ్డు మాత్రము మారలేదు. రోడ్డు ప్రక్కనున్న జనుల అలవాటును మారలేదు.

మే 24న తెల్లవారుజామున వెర్సాయి వద్ద పందెము ప్రారంభమయ్యెను. రెండు వందలకు పైగా వాహనములు ఒకటి వెంట ఒకటిగా, సుమారు ఒక్కొక్క నిమిషము ఎడముతో బయలుదేరెను. దారి పొడుగునను లక్షల కొలది జనులు చేరిరి. చెట్లమీద కొందరు, గట్లమీద కొందరు, రోడ్డు నడుమనే కొందరు. కారు మీదికి వచ్చువరకు నిలిచి, అది దగ్గరకు రాగానే తొలగుట వారికి వేడుక. పోలీసులు, సైనికులు ఉండిరి గాని, వందల మైళ్ల దారిని వారెట్లు కావలి కాయగలరు?

ఇచట చిన్న లెక్క వేసి చూతము. గంటకు 60 మైళ్ల వేగమున పోవు కారు సెకనుకు 88 అడుగులు పోవును. ఇరువది అడుగుల వెడల్పుగల రోడ్డును నడచి దాటుటకు మనిషికి సుమారు 4 సెకనులు పట్టును. ఆ నాలుగు సెకనులలో కారు 350 అడుగులు వచ్చి పడును. అదే గంటకు 8 మైళ్లు పోవు గుఱ్ఱపు బండియైనచో 50 అడుగులైనను రాదు. పుట్టినది మొదలు బండ్లనే చూచిన పల్లెవాసి కన్ను బండి వేగమునకే అలవాటు పడియుండెను. దూరముగా నున్నదిగదా యని అతడు అడుగు ముందుకు వేయును. అంతలో కారు అతని మీదనే యుండును. ఆనాటి కార్లకు బ్రేకులు వెనుక చక్రములకు మాత్రమే యుండెడివి. అట్టి వేగమున వానిని తటాలున నిలుపుట ఎవరి తరము కాదు.

దీనికి తోడు ధూళి. తారు రోడ్లు ఇంకను రాలేదు. కంకర పరచి మట్టితో దిమ్మిస చేసిన రోడ్లే. ఒక్క కారు లేపిన దుమ్ము అణగకముందే వెనుకది వచ్చును. దాని వెనుక మరియొకటి. సారథులకు కొంత దూరము రోడ్డే కనబడెడిది కాదు. రోడ్డుకు ఇరువైపులనున్న చెట్ల కొనలను చూచి, దారి ఎటు తిరిగినదో ఊహించి కారును నడపుకొనెడివారు. ముందున్న కారును దాటవలెనన్న ఆ దుమ్ములోనికి గ్రుడ్డిగా చొరవలసినదే.

మార్సెల్ రెనో ఆ విధముగనే మరణించెను. లూయీ రెనో, మార్సెల్ రెనో అన్నదమ్ములు. తమ పేర కార్లను తయారుచేయు సంస్థను స్థాపించినవారు. ఇద్దరును స్వయముగా కార్లు నడపుచుండిరి. కూయే వెరాక్ అను గ్రామము వద్ద ముందున్న కారును దాటబోయి, దుమ్ములో దారి కానక మార్సెల్ కారు రోడ్డు తప్పి బోల్తాపడెను. రెండు దినముల తరువాత అతడు మరణించెను. బోర్డో పట్టణమునకు అందరికంటె ముందుగా చేరిన సారథి లూయీ రెనోయే. సోదరుని సంగతి అతనికి అచట తెలిసెను. అతడు మరి ఎన్నడును పందెములలో కారు నడుపలేదు.

ఆ దినమున ఇట్టివి మరికొన్ని జరిగెను. లిబూర్న్ వద్ద ఒక కారు కుక్కకు తగిలి అదుపు తప్పి చెట్టును ఢీకొనగా మెకానిక్కు అక్కడికక్కడే మరణించెను; సారథి లొరేన్ బారో కొన్ని దినములకు మరణించెను. ఆంగులేమ్ వద్ద రోడ్డు మీదికి వచ్చిన బిడ్డను కాపాడబోయి ఒక సైనికుడు ప్రాణములు విడిచెను. ఆ పందెమున పాల్గొన్న మహిళ కామిల్ ద్యు గాస్ట్ తన కారు చక్కగా ముందుకు సాగుచుండగా, తోటి సారథి ఫిల్ స్టెడ్ కారు క్రింద చిక్కుపడియుండుట చూచి, తన కారును ఆపి అతనికి సహాయము చేసెను. పందెమున ఆమె స్థానము పోయినది. అతని ప్రాణము నిలిచినది. ఆ దినపు వార్తలలో మనము తలచుకొనుటకు యోగ్యమైనది ఇది యొక్కటి.

ఫెర్నాండ్ గాబ్రియల్ అను ఫ్రెంచి సారథి మోర్స్ కారుపై బోర్డో వరకు గల 552 కిలోమీటర్ల దూరమును 5 గంటల 14 నిమిషములలో గడచెను. అనగా సగటున గంటకు 105 కిలోమీటర్లు. ఎంతో వెనుక బయలుదేరి, అంతమందిని ఆ దుమ్ములో దాటుకొని వచ్చుట ఆశ్చర్యకరమైన పని. కాని ఆ ఘనతను మెచ్చుకొనుటకు ఎవరికిని మనసు రాలేదు. ఫ్రెంచి ప్రభుత్వము పందెమును బోర్డోలోనే ఆపివేసెను. స్పెయిను ప్రభుత్వము కూడ తన దేశమున పందెము సాగరాదని శాసించెను. కార్లు తమ ఇంజనులతో కదలుటకును వీలులేదయ్యెను. గుఱ్ఱములను కట్టి వానిని రైలు స్టేషనుకు లాగించి, రైలు బండ్లపై పారిస్‌కు చేర్చిరి. ఊరినుండి ఊరికి సాగు పెద్ద పందెముల యుగము ఆ స్టేషనులో ముగిసినదని చెప్పవచ్చును.

మోటారు కారును ద్వేషించువారు ఆనాడు కొల్లలు. ఇక పందెములను అన్నిటిని నిషేధింపవలెనని పత్రికలు ఘోషించెను. ఐర్లండు పందెము గతి యేమగునో యని క్లబ్బువారు కలవరపడిరి. ఇంతలో మరియొక విపత్తు. జూన్ 10న జర్మనీలో కాన్‌స్టాట్ వద్దనున్న మెర్సిడెస్ కర్మాగారమున అగ్నిప్రమాదము సంభవించి, పందెమునకై సిద్ధపరచిన 90 అశ్వశక్తిగల కార్లు కాలిపోయెను. అప్పటికి మిగిలిన గడువు 22 దినములు. కర్మాగారమువారు తాము ఇదివరకు అమ్మిన 60 అశ్వశక్తిగల కార్లను కొనుగోలుదారులనుండి ఎరువు తెచ్చుకొని పందెమునకు పంపిరి. వానిలో ఒకటి క్లారెన్స్ గ్రే డిన్స్‌మోర్ అను అమెరికను ధనికునిది. అది షికారు కారు. దాని పై కట్టును తీసివేసి రెండు ఆసనములు మాత్రము ఉంచిరి.

జులై 2వ తేదీకి నాలుగు దేశముల తరఫున 12 కార్లు సిద్ధమయ్యెను. బ్రిటను తరఫున సెల్విన్ ఎడ్జ్, చార్లెస్ జారట్, జె. డబ్ల్యు. స్టాక్స్ నేపియర్ కార్లపై వచ్చిరి. ఫ్రాన్సు తరఫున రెనే ద నీఫ్, హెన్రీ ఫార్మన్ పానార్ కార్లపైనను, గాబ్రియల్ మోర్స్ కారుపైనను వచ్చిరి. జర్మనీ తరఫున కామిల్ జెనాట్సీ, బారన్ పియర్ ద కాటెర్స్, ఫాక్స్‌హాల్ కీన్. అమెరికా తరఫున అలెగ్జాండర్ వింటన్, పెర్సీ ఓవెన్, లూయిస్ మూర్స్. ఫ్రాన్సు కార్లు నీలిరంగువి, జర్మనీవి తెల్లనివి, బ్రిటనువి ఆకుపచ్చనివి. ఆతిథ్యమిచ్చిన ఐర్లండుపట్ల గౌరవసూచకముగా బ్రిటను ఆకుపచ్చను గ్రహించినదని చెప్పుదురు. ఆ రంగు తరువాత తరతరములుగా బ్రిటిషు పందెపు కార్లకు స్వంత రంగయ్యెను.

వీరందరిలో జెనాట్సీ ఆకారము ప్రసిద్ధమైనది. ఎఱ్ఱని గడ్డము, కారుపై ముందుకు వంగిన దేహము, చూచువారికి గుండె ఝల్లుమను నడక. అతనిని ఎఱ్ఱ దయ్యమని పిలిచెడివారు. బెల్జియములో రబ్బరు వ్యాపారి కుమారుడు. ఇతని పేరు అంతకు నాలుగేండ్లకు పూర్వమే లోకమున మ్రోగినది. 1899 ఏప్రిల్ 29న పారిస్ చెంత ఒక విద్యుచ్ఛక్తి కారును గంటకు 105 కిలోమీటర్లకు పైగా నడపి, రోడ్డుపై గంటకు 100 కిలోమీటర్ల వేగమును మించిన మొదటి మానవుడయ్యెను. ఫిరంగి గుండువలె నున్న ఆ కారుకు అతడు ‘ఎన్నటికిని తృప్తి లేనిది’ అను అర్థముగల పేరు పెట్టెను. ఆ పేరు కారుకంటె సారథికే తగియుండెను.

ఇక పందెపు ఏర్పాట్లు. పందెపు దారిని అథై పట్టణము నడిమి ముడిగా, అంకె ఎనిమిది ఆకారమున రెండు చుట్లుగా నిర్ణయించిరి. ఒక చుట్టు 40 మైళ్లు. మరియొకటి సుమారు 52 మైళ్లు. చిన్న చుట్టు మూడుమార్లు, పెద్దది నాలుగుమార్లు తిరిగినచో మొత్తము 327½ మైళ్లు, అనగా 527 కిలోమీటర్లు. పారిస్–మాడ్రిడ్ పందెమున గడచిన దూరమునకు ఇది ఇంచుమించు సమానమే. కాని అచట 552 కిలోమీటర్ల రోడ్డుకు కావలి వలసియుండెను. ఇచట 92 మైళ్ల రోడ్డుకు కావలి యున్న చాలును. ఒకే రోడ్డు మీద మరల మరల తిరుగుటచే సారథులకును ప్రతి మలుపు పరిచయమగును. చూచువారికి కారు ఒక్కసారి మెరసి మాయమగుటకు బదులు పలుమార్లు కనబడును.

కార్లను ఏడేసి నిమిషముల ఎడముతో వదలిరి. 12 కార్లే గనుక, మొదటిది 7 గంటలకు బయలుదేరగా, చివరిది 8 గంటల 17 నిమిషములకు బయలుదేరును. నడుమ నున్న ఏడు నిమిషములలో దుమ్ము చాలవరకు అణగును. వేల కొలది పోలీసులు దారి పొడుగునను నిలిచిరి. రోడ్డు మీదికి ఎవరును రారాదు, పశువులను తోలరాదు. దారిలోని పట్టణములలో పందెమును నిలిపివేసిరి. పట్టణపు పొలిమేరలో కారు ఆగును, సమయమును గుర్తించెదరు, సైకిలు నెక్కిన మనిషి యొకడు ముందు పోవుచుండగా కారు మెల్లగా అతనివెంట పోవును, ఆవలి పొలిమేరలో మరల వదలెదరు. పట్టణములో గడచిన కాలమును పందెపు కాలమున చేర్చరు. ప్రపంచమున మిక్కిలి వేగముగల కార్లు ఒక సైకిలు వెనుక నడచి పోవుట చూచువారికి నవ్వు పుట్టించియుండును. అయినను ఆ సైకిలే పట్టణపు వీధులలోని పిల్లలను కాపాడినది.

పందెము ఎట్లు జరిగెనో సంగ్రహముగా చెప్పుదము. క్రిందటి విజేతయగుటచే ఎడ్జ్ మొదట బయలుదేరెను. వింటన్ కారు కార్బురేటరులోని లోపముచే బయలుదేరుటకే సుమారు 40 నిమిషములు ఆలస్యమయ్యెను. అమెరికా కార్లలో ఒకటియు పందెమును ముగింపలేదు. స్టాక్స్ ఆదిలోనే మలుపు తప్పి కంచెను ఢీకొని విరమించెను. స్ట్రాడ్‌బాలి చెంత జారట్ కారు స్టీరింగు విఱిగి బోల్తాపడెను. అతనికి జత్రుక ఎముక విఱిగెను. మెకానిక్కు బియాంకీయు గాయపడెను. చూచినవారు తొలుత ఇద్దరును చనిపోయిరనుకొనిరి. కాని ఇరువురును బ్రదికిరి. అచట జనులు గుంపులుగా లేరు. వెనుక వచ్చు కారు నిమిషము లోపల వచ్చి మీద పడలేదు. పారిస్–మాడ్రిడ్ దారిలో ఇదే జరిగియుండినచో ఫలమెట్లుండెడిదో ఊహింపవచ్చును.

పోటీ క్రమముగా జెనాట్సీకి, ఫ్రెంచివారికి నడుమ మిగిలెను. ద కాటెర్స్, కీన్ నడపిన మెర్సిడెస్ కార్లు ఇరుసులు దెబ్బతిని ఆగిపోయెను. ఎడ్జ్ టైర్ల చిక్కులతో మాటిమాటికి ఆగవలసివచ్చెను. జెనాట్సీ మాత్రము ఆగలేదు. పానార్ కార్లు 80 అశ్వశక్తిగలవి. అతనిది 60 మాత్రమే. కాని మెర్సిడెస్ కారు ఒడుపుగా తిరుగును, దాని గేర్లు సులువుగా మారును, దాని రేడియేటరు ఇంజనును చల్లగా నుంచును. తిన్నని రోడ్డు మీద పెద్ద ఇంజనుకు లాభము; మలుపులు గల చుట్టుబాటలో కారు మొత్తపు నేర్పునకు లాభము. దారి స్వరూపము మారుటతో మంచి కారు అను మాటకు అర్థమే మారినది.

జెనాట్సీ 6 గంటల 39 నిమిషములలో పందెమును ముగించెను. సగటు వేగము గంటకు సుమారు 49 మైళ్లు. ద నీఫ్ 11 నిమిషముల 40 సెకనులు వెనుకబడి రెండవవాడు, అతనికి ఒక నిమిషము నాలుగు సెకనుల తరువాత ఫార్మన్ మూడవవాడు, గాబ్రియల్ నాలుగవవాడు. అయిదవవాడుగా చేరిన ఎడ్జ్, ఇతరులు కారును త్రోసి సహాయపడిన కారణమున అనర్హుడయ్యెను. గాబ్రియల్ విషయము గమనింపదగినది. మే నెలలో గంటకు 65 మైళ్ల సగటున దూసుకుపోయిన సారథి, అదే సంస్థవారి కారుపై, జులైలో గంటకు సుమారు 46 మైళ్ల సగటున నాలుగవవాడయ్యెను. పందెమున వేగము తగ్గినది గాని పోటీ రుచి తగ్గలేదు. ఎరువు తెచ్చిన షికారు కారు గెలిచినదను వార్త లోకమంతట వ్యాపించి, కర్మాగారమును పోగొట్టుకొన్న మెర్సిడెస్‌వారికి మరల నిలువనీడ కల్పించెను.

ఆ దినమున లోకము గ్రహించినది ఒక్కటి. పందెమును నిలుపవలసిన పనిలేదు. రోడ్డునుండి వేరుపరచిన చాలును. 1904లో జర్మనీలోను, 1905లో ఫ్రాన్సులోను గార్డన్ బెన్నెట్ పందెములు మూసిన చుట్టుబాటలపైననే జరిగెను. రెండును ఫ్రెంచి సారథి లేయోన్ తెరీ గెలిచెను. పిమ్మట ఫ్రెంచివారు, తమ దేశమున అన్ని కర్మాగారములుండగా 3 కార్లకే పరిమితి యేమని ఆ కప్పును విడిచి, 1906 జూన్ 26, 27 తేదీలలో లె మాన్ పట్టణము చెంత తమ స్వంత పందెమును నడపిరి. అదియే తొలి గ్రాన్ ప్రీ. దాని చుట్టు 103 కిలోమీటర్లు, ప్రేక్షకులకు కంచెలు, పట్టణమునకు ప్రక్కగా పోవుటకు చెక్కపలకల బాట. ఆ పందెమున ఫెరెంత్స్ సీస్ అను హంగేరియను రెనో కారుపై గెలిచెను. మూడేండ్లకు ముందు మాడ్రిడ్ దారిలో లూయీ రెనో ప్రక్కన మెకానిక్కుగా కూర్చున్నది ఇతడే. 1907లో ఇంగ్లండులోని బ్రూక్‌లండ్స్ వద్ద పందెముల కొరకే ఒక బాటను కట్టిరి. ఎడ్జ్ దానిపై ఇరువదినాలుగు గంటలు విడువక కారు నడపి 1,581 మైళ్లు పోయెను. అది సాధారణమైన రోడ్డుపై ఎన్నటికిని సాధ్యము కాదు.

ఆ సారథుల తరువాతి జీవితములును చిత్రమైనవే. ఫార్మన్, ద కాటెర్స్ విమానములవైపు తిరిగిరి. ఫార్మన్ 1908 జనవరి 13న పారిస్ చెంత విమానముపై ఒక కిలోమీటరు చుట్టు తిరిగి వచ్చి పేరు గాంచెను. ఎన్ని గండములనో దాటిన జెనాట్సీ 1913 డిసెంబరులో వేటకు పోయి, చీకటిలో పొద చాటున మృగమువలె కూయుచుండగా నిజమైన మృగమని భ్రమసిన మిత్రుని తుపాకి గుండు తగిలి మరణించెను. ఫిరంగి గుండువంటి కారు కొనిపోలేని ప్రాణమును ఒక పరిహాసము కొనిపోయెను.

రోడ్డును మూసినంతమాత్రమున ఆపద పూర్తిగా తొలగినదని మేము చెప్పము. 1955 జూన్ 11న అదే లె మాన్ చెంత ఒక కారు ప్రేక్షకులలోనికి దూసుకుపోగా 80 మందికి పైగా మరణించిరి. వేగము పెరిగినపుడెల్ల కంచెయు, గట్టును, కావలియు దానితోపాటు పెరుగవలెను. పెరుగనినాడు పారిస్–మాడ్రిడ్ మరల మరల సంభవించును.

ఈ పరంపర ఎంత దూరమో పోయి మన తెలుగుగడ్డకును వచ్చినది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుసేన్ సాగరపు ఒడ్డున విద్యుచ్ఛక్తి కార్ల అంతర్జాతీయ పందెము జరిగెను. చుట్టు సుమారు 2.8 కిలోమీటర్లు. నగరపు రోడ్లను మూసి, ఇరువైపుల కాంక్రీటు దిమ్మెలు, ఇనుప కంచెలు నిలిపిరి. ఫ్రెంచి సారథి ఝాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. విద్యుచ్ఛక్తి కారుపై కీర్తి గడించిన జెనాట్సీ చూచియుండినచో కారును గుర్తింపలేకపోవును గాని ఏర్పాటును గుర్తించియుండును. అథై పట్టణమున తాను చూచినదే కొంత చిన్నదై, కొంత గట్టిదై అచట కనబడెడిది.

పందెము ముగిసిన పిదప ఆ దిమ్మెలను తీసివేసి రోడ్డును మరల జనులకు అప్పగించిరి. రోడ్డు పిల్లలది, వృద్ధులది, బండివానిది, పాదచారిది. దానిపై ఎవరును మరియొకరితో పందెము వేయరాదని 1903 మే నెలలో ఎనిమిదిమంది ప్రాణములు తెలిపినవి. వేగము కావలసినచో అందుకు వేరుగా ఒక చోటు చూచుకొనవచ్చునని అదే సంవత్సరము జులైలో ఐర్లండు తెలిపినది. నేడు మన ఊళ్ల రోడ్లపై యువకులు మోటారు సైకిళ్లతో పందెములు వేయుట చూచునపుడు ఈ రెండు సంగతులను ఇంటింట చెప్పుకొనుట మంచిదని మా విన్నపము.